చంద్రవంక లాడ్జిలో లేని కిటికీ

పోయిన వారం వాగుబాట టూర్స్ వారి బస్సును ఆసిఫాబాద్ ఊరి మొదట్లో, పెట్రోలు బంకు పక్కన నిలబెట్టి వచ్చాం. అది ఇంకా అక్కడే ఉంది. ఇంజను బాగానే ఉంది, టైర్లూ బాగానే ఉన్నాయి. అడ్డుపడిందల్లా డెబ్బయ్యేళ్లకు దగ్గరపడిన ఒక పెద్దామె. ఆమె పెన్నుకు మూత పెట్టేసింది, బస్సు ఆగిపోయింది.

పోయిన వారం చదవనివాళ్లు కంగారు పడకండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కరీంనగర్ నుంచి మూడు రోజుల టూరు, పద్నాలుగు మంది ప్యాసింజర్లు. మొదటి రాత్రి ఆసిఫాబాద్‌లో, చంద్రవంక లాడ్జిలో బస అని కాయితం మీద అచ్చేసి మరీ ఇచ్చారు. మధ్యాహ్నం మూడింటికి లాడ్జి నుంచి ఫోనొచ్చింది. మాఘమాసం, మంచి ముహూర్తం, పెళ్లివారు లాడ్జి మొత్తం పట్టేశారు, మీకు గదుల్లేవు పొమ్మన్నారు. గైడు ఆరాధన లోపల ఎంత కంగారు పడిందో గాని, పైకి మాత్రం నవ్వుతూనే ఉంది. మెథడిస్టు మిషన్ గెస్ట్‌హౌస్‌కు ఫోను చేసి, అక్కడ వంటా వార్పూ చూసే సాయవ్వను బతిమాలి, ఏడు గదులు ఖాయం చేసుకుంది. ఆ తర్వాత సంచిలోంచి పుస్తకం తీసింది.

ఈ పుస్తకం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇది ఆరాధన తండ్రి సామ్యూల్ పెట్టిన అలవాటు. ఆయన ఇరవై ఏళ్లు ఇదే కంపెనీలో గైడు, అదే ఇరవై ఏళ్లు కరీంనగర్‌లో తమ చర్చి కమిటీకి సెక్రటరీ. చర్చి కమిటీలో ఏ తీర్మానం చేసినా మినిట్స్ రాయాలి, పైకి చదవాలి, కూర్చున్నవాళ్లంతా సంతకాలు చేయాలి. రానివాళ్లుంటే "సెలవు కోరినవారు" అని వాళ్ల పేరు, రాకపోవడానికి కారణం కింద రాయాలి. ఆ అలవాటునంతా ఆయన బస్సెక్కించేశాడు. హోటలు మారితే తీర్మానం, దారి మారితే తీర్మానం, ఇడ్లీ తినే చోటు మారినా తీర్మానమే. ఒక్క సంతకం తక్కువైతే బస్సు కదలడానికి వీల్లేదు. ఓనరు ఓంప్రకాశ్ మొదట నవ్వాడు, తర్వాత కసురుకున్నాడు. కానీ పుస్తకం వచ్చాక హోటలు మార్చారని బస్సుకు అడ్డంగా కూర్చున్న ప్యాసింజరు ఒక్కడూ లేకపోయేసరికి, చివరికి దాన్నే కంపెనీ రూలు చేశాడు. పోయిన కార్తీకం టూరు తర్వాత సామ్యూల్ కంటి ఆపరేషను చేయించుకుని ఇంటిపట్టున ఉండిపోయాడు. ఉద్యోగం కూతురికొచ్చింది, రూలుతో సహా.

పదమూడు సంతకాలు పడ్డాయి. పద్నాలుగో చోట మెట్‌పల్లి తారాబాయి పెన్ను మూత పెట్టి, "నేను పెట్ట. నేను ఆ లాడ్జీలనే ఉంట," అంది. మనం ఆగింది అక్కడ.

"పెట్టదట," అని ముందు సీట్లోంచి చొక్కారావు అందరికీ వినబడేటట్టు చెప్పాడు. ఈయన రిటైరైన తహసీలు ఆఫీసు పెద్దమనిషి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫైళ్ల మీద నోట్సు రాసి రాసి, ఇప్పుడు మనుషుల మీద రాస్తున్నాడు. "మిషన్ బంగ్లా కదా. పెద్దింటి ఆడామె, పట్టింపు ఉంటది. మనం అర్థం జేసుకోవాలె."

అది విని ఆరాధనకు ఒళ్లు మండింది. ఈ మాట ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు స్నేహితురాలి ఇంట్లో మంచినీళ్ల గ్లాసు వేరేగా పెట్టిన రోజు నుంచీ తెలుసు. అయినా ప్రతిసారీ కొత్తగానే మండుతుంది, ఏం చేస్తాం! ఆమె పుస్తకం మూసి, తిన్నగా వెళ్లి తారాబాయి పక్క సీట్లో కూర్చుంది.

"అమ్మా, సాఫ్‌గ అడుగుత, సాఫ్‌గ చెప్పండ్రి. మా మిషన్ ఇల్లు అనేనా?"

తారాబాయి తల తిప్పి చూసింది. సన్నటి మనిషి, బూడిదరంగు నేతచీర, బోసి మెడ. "నీకెవరు చెప్పిన్రు గట్లని?"

"ఎవరు చెప్పాల్నమ్మా? ఏడు గదులు ఇప్పిస్తుంటే అందరు సై అన్నరు, మీరొక్కరే వద్దంటున్నరు."

"నీ గదులు బంగారమే కావచ్చు బిడ్డా. నాకు ఆ లాడ్జీల ఒక కిటికీ ఉన్నది. దాని కోసం వచ్చిన."

చొక్కారావు చెవులు వెనక్కి తిరిగాయి. ఆరాధన గొంతు తగ్గించింది. "కిటికీ ఏందమ్మా?"

 తారాబాయి చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆపలేదు.

"మా ఆయన పోయి మూడు నెలలైంది. ఏడాదన్న తిరగలే, నీకు టూర్లేందని సుట్టాలంత నన్ను తిడుతున్రు. మా కొడుకు అమిత్ అయితే మాట్లాడుతనే లేడు. పోతె పోనీ. నా బాధ నాది. మూడేండ్ల సంది ప్రతి కార్తీకం ఆయన మీ బస్సెక్కిండు. గిదే టూరు. ఒక్క టూరుకు మూడుసార్లు పోయెటోళ్లు ఉంటరా అని నేను నవ్వుతుంటి. ఆ లాడ్జీ కిటికీ చూస్తే నువ్వు గట్ల అనవు తారా, అంటుండె. కిటికీ తీస్తే నీళ్లట. నీళ్ల అవతల తెల్లటి ఇసుకట. పొద్దుగాల లాడ్జీ ఆయన మనుమరాలు వచ్చి కిటికీల కూసుంటదట, తాతా అంటదట. ఆ పిల్లకియ్యమని నేను తీపి గరిజెలు చేసి పంపిన, మూడేండ్లు. ఖాళీ డబ్బ తెచ్చి నా చేతిల పెట్టి, అన్ని తిన్నది, ఒక్కటి మిగల్చలే అంటుండె. ఆ చెప్పెటప్పుడు ఆయన మొఖం చూడాలె నువ్వు!"

ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లొత్తుకుంది.

"నిన్ను గూడ తోల్కపోత అన్నడు. నాకేమో మోకాళ్లు. ఈయేడు గాదు, వచ్చేయేడు అనుకుంట జరిపిన. పోయిన కార్తీకం టూరుకెళ్లి వచ్చిన పదిరోజులకే, అన్నం తిని కూసున్న మనిషి, గట్లనే పోయిండు. నేను ఆ కిటికీ కాడ ఒక్క రాత్రి పడుకోవాలె. గంతే. మల్ల నేను ఏ టూరుకు రాను, నీకు పరేషాన్ పెట్టను."

ఆరాధనకు సిగ్గేసింది. తన మంట తాను చూసుకుంది గాని, ఎదుటి మనిషికి ఏం కావాలో అడగనైనా అడగలేదు. "పడుకునుడు నా చేతుల లేదమ్మా. పెండ్లోళ్లు ఉన్నరు," అంది. "కిటికీ అయితే చూపిస్త. చూసినంక మీ ఇష్టం, సంతకం పెట్టినా సరే, పెట్టకున్నా సరే."

"మరి సంతకం లేంది బండి కదిలియ్యద్దు గదా చెల్లె?" అని డ్రైవరు హనుమండ్లు అడిగాడు. మనిషి రూలు మనిషే గాని తెలివి తక్కువవాడు కాదు. తనే మళ్లీ, "ఆగు ఆగు. కొత్త హోటల్‌కు పోతందుకు సంతకం గావాలె. పాత హోటల్‌కు పోతందుకు ఎందుకు? అది కాయితంల ఉన్నదేనాయె!" అని తాళం తిప్పాడు.

ఇంతలో సాయవ్వ ఫోను. "ఏం పిల్లా, బియ్యం కడగాల్నా వద్దా? కోడిని కోసినంక మీరు రాకుంటే నేనొక్కదాన్నే తినాల్నా?"

"జర అర్ధగంట ఆగు అవ్వా."

"కోడికి చెప్పు ఆ మాట!" అని సాయవ్వ ఫోను పెట్టేసింది.

చంద్రవంక లాడ్జి ముందు షామియానా వేశారు. బ్యాండువాళ్లు ఇంకా వాయించడం లేదు, డప్పులు వెచ్చబెట్టుకుంటూ కూర్చున్నారు. బస్సు ఆగేసరికి మేనేజరు గంగయ్య ముఖం పాలిపోయింది. నలభై ఏళ్ల మనిషి, చేతినిండా తాళంచెవులు. పద్నాలుగు మంది గదుల కోసం తగువుకు వచ్చారనుకుని, ఆరాధన దిగకముందే దండం పెట్టేశాడు.

"మేడం, నా తప్పేం లేదు. మా సేటు మాటిచ్చిండు. నన్ను తిట్టినా కొట్టినా గదులైతే లేవు."

"గదులొద్దన్నా. కిటికీ గావాలె."

"ఏందీ?"

"కిటికీ. నీళ్లు కనబడే కిటికీ. ఈ అమ్మ చూసి పోతది."

గంగయ్య ఆమెనూ, ఈమెనూ మార్చి మార్చి చూశాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో వేడినీళ్లు రాలేదన్నవాళ్లను చూశాడు, దోమలన్నవాళ్లను చూశాడు. కిటికీ కావాలన్న మనిషిని చూడడం ఇదే మొదలు. తగువు కాదని తెలిసిన ఆనందంలో, "రాండ్రి, రాండ్రి, అన్ని చూడుండ్రి," అని ముందు నడిచాడు.

పదకొండు గదులు. కింద ఆరు, పైన అయిదు. మొదటి గదిలో మగపెళ్లివారి తరపు పెద్దలు పత్తాలు పంచుకుని పేకాడుతున్నారు. ఆ కిటికీ రోడ్డు మీదికి, దాని నిండా మొబైలు దుకాణం బోర్డు. రెండో గదిలో ఆడవాళ్లు చీరలు ఇస్త్రీ చేస్తున్నారు. కిటికీ తీస్తే చేయి చాపినంత దూరంలో పక్కింటి గోడ. మూడో గది, నాలుగో గది, అయిదో గది. ప్రతి గదిలోనూ పెళ్లివాళ్లు తప్పుకుని, కిటికీ తీసి, వీళ్లతోపాటు తామూ తొంగిచూసి, ఏముందో తెలియక మళ్లీ మూసుకున్నారు. ఆరో గదిలో ఒకావిడ మర్యాదగా అడిగింది.

"మీరెవరి తరుపమ్మా? పిల్ల తరుపా, పిలగాని తరుపా?"

"మేం కిటికీ తరుపు," అంది ఆరాధన. ఆవిడ నవ్వి ఒక లడ్డు చేతిలో పెట్టింది.

మేడ మెట్లు ఎక్కడానికి తారాబాయికి చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, గోడ పట్టుకుని ఎక్కింది. ఆరాధన చేయందిస్తే వద్దంది. "మెట్లున్నయని ఆయన చెప్పలే," అని మాత్రం గొణిగింది. పైన ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. గది గదికీ ఆమె నడక వేగం పెరిగింది, ముఖంలో రంగు తగ్గింది.

పదకొండో గది కిటికీ ఆమే తీసింది. బయట ట్రాన్స్‌ఫార్మరు, దాని కింద వంటవాళ్ల పెద్ద పెద్ద గిన్నెలు, బగారన్నం పొగ. అంతే.

"నీళ్లేవి? వాగేది?" అంది తారాబాయి.

"పెద్దవాగా? అది ఈడికెళ్లి దూరం అమ్మా. కనబడాలంటే ట్యాంకు మీదికి నిచ్చెనేసుకొని ఎక్కాలె. ఎక్కినా కనబడుతదని నేను చెప్పలేను."

"ముందుగాల ఇంకో లాడ్జీ ఉండెనా? కొత్తగ కట్టిన్రా?"

"నేనొచ్చినప్పటి సంది గిదే బిల్డింగు, గివే కిటికీలు."

"మరి నీ మనుమరాలు?"

గంగయ్య నోరు తెరిచాడు. "నాకా? అమ్మా, నాకింక పెండ్లే కాలేదమ్మా!"

గుమ్మంలో నిలబడి తమాషా చూస్తున్న పెళ్లివాళ్లు పకపకా నవ్వారు. తారాబాయి నవ్వలేదు. ఎవరిదో పట్టుచీర పరిచి ఉన్న మంచం అంచున కూర్చుండిపోయింది. ఆరాధన పెళ్లివాళ్లను దండం పెట్టి బయటికి పంపింది.

"నలభైనాలుగేండ్లు," అంది తారాబాయి. "కూరల ఉప్పెక్కువైతే బాగున్నదని అబద్ధం గూడ చెప్పరాదు ఆయనకు. ఎక్కువైంది తారా అనేటోడే. గసొంటి మనిషి మూడేండ్లు నాకు కిటికీ కథ చెప్పిండా? ఎందుకు చెప్పిండు బిడ్డా? ఏం దాచిండు?"

ఆ ప్రశ్న ఆరాధనకూ పట్టుకుంది. లాడ్జిలో లేని కిటికీని ఒక మనిషి అంత వివరంగా, ఇసుక రంగుతో సహా, ఎలా చెబుతాడు? చూడనిది చెప్పలేడు. ఎక్కడో చూశాడు. ఎక్కడ?

"కార్తీకంల మీ బస్సొచ్చింది, యాదికున్నది," అన్నాడు గంగయ్య. ఆయనకూ ఇప్పుడు తమాషా పోయి ఆరా పుట్టింది. కిందికి పరుగెత్తి రిజిస్టరు తెచ్చాడు. "పేరు చెప్పండ్రి, ఏ గదిల పండుకున్నడో చెప్త."

తారాబాయి ఆరాధన వైపు చూసింది.

"పేరమ్మా. మీ ఆయన పేరు."

ఆమె తల వంచుకుంది. ఆరాధనకు అప్పుడు వెలిగింది. పొద్దుటి నుంచి ఈమె నోట "ఆయన" తప్ప పేరు రాలేదు. ఉన్నప్పుడూ పలకలేదు, పోయాకా పలకడం లేదు. పాతకాలపు ఇంటి ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తరు. బ్యాంకువాడు అడిగినా కొడుకు చేత చెప్పిస్తారు. గంగయ్య వెంటనే అర్థం చేసుకుని, "మా అవ్వ గూడ గట్లనే," అని రిజిస్టరు వెనక అట్ట మీద పెన్ను పెట్టాడు. తారాబాయి బడిపిల్లలాగా ఒక్కో అక్షరం నిలిపి రాసింది. శ్యాంసుందర్ రావు.

ఆరాధన ఆ పేరు చదివి ఉలిక్కిపడింది. ఆ పేరు ఆమె విని ఆరేడు గంటలు కూడా కాలేదు. ఆ రోజే, పొద్దున, ఇంకొకరి నోట విన్నది. చెప్పబోయి ఆగింది. ముందు తెలుసుకోవాల్సింది తెలుసుకుని అప్పుడు చెబుదామనుకుంది.

గంగయ్య పేజీలు తిరగేశాడు. పోయిన కార్తీకం చూశాడు. అంతకుముందు కార్తీకం చూశాడు. దాని ముందుదీ చూశాడు. "బస్సోళ్ల పేర్లన్ని ఉన్నయి మేడం. ఈయనది లేదు. ఒక్కసారి గూడ ఈడ పండుకోలే."

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆరాధన తండ్రికి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"బాపు, పోయిన కార్తీకం టూరు పుస్తకం తియ్యి. మొదటి రోజుది."

"ఏమైందే? లొల్లైందా?"

"లొల్లి లేదు. జర జల్ది చూడు. శ్యాంసుందర్ రావు అని మెట్‌పల్లి ఆయన. చంద్రవంక లాడ్జీల పండుకోలేదట."

అవతల బీరువా తలుపు చప్పుడైంది, అద్దాలు వెతుక్కున్న చప్పుడైంది. సామ్యూల్ చదవడం మొదలుపెడితే గొంతు మారిపోతుంది. చర్చిలో నిలబడి మినిట్స్ చదివినట్టే చదువుతాడు.

"మొదటి దినము, చెన్నూరు. ప్రయాణికులు పదహారు మంది. పదిహేను మంది కాయితం ప్రకారం ఆసిఫాబాద్ వెళ్లుటకు సంతకములు చేసిరి. సెలవు కోరినవారు ఒకరు. శ్యాంసుందర్ రావు గారు, మెట్‌పల్లి. చెన్నూరులోనే దిగి, మరునాడు కారులో వచ్చి మనలను కలుసుకొనెదరు. కారణము..." గొంతు ఆగిపోయింది.

"కారణం చదువు బాపు."

"వద్దు బిడ్డా. ఎవ్వరికి చెప్పద్దని ఆయన నా చెయ్యి పట్టుకొని అడిగిండు. నేను మాటిచ్చిన."

"మాటిచ్చినోనివి పుస్తకంల ఎందుకు రాసినవే?"

"రాయకుంటే అది మినిట్స్ ఎట్లయితది?" అన్నాడు సామ్యూల్, నిజంగానే ఆశ్చర్యపోతూ. "సెలవు కోరినోళ్ల కారణం రాయకుంటే కమిటీ ఒప్పుకుంటదా?"

లోకంలో ఎవరైనా రహస్యం దాచాలంటే నోరు మూసుకుంటారు. ఈయన మాత్రం తేదీ వేసి, కింద సంతకం పెట్టి దాచాడు. ఏం చెప్పాలి ఇలాంటి మనిషికి!

తారాబాయి చేయి చాపి ఫోను తీసుకుంది. "అన్నా, నేను ఆయన భార్యను. తారాబాయిని. ఆయన పోయిండన్నా. మీ టూరుకెళ్లి వచ్చినంక పదిరోజులకు."

 "ప్రభువా," అన్నాడు సామ్యూల్. "నాకెరుక లేదమ్మా. నాకెవ్వరు చెప్పలే."

"ఇప్పుడు చదువు అన్నా. ఆయన తరుపున నేను అడుగుతున్న."

కాయితం చప్పుడు. ఈసారి సామ్యూల్ గొంతు చర్చి గొంతులా లేదు.

"కారణము. చెన్నూరులో తమ కూతురు మధులిక ఇంట ఒక రాత్రి నిద్ర చేయుటకు."

గంగయ్య రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఇది తను వినాల్సింది కాదని తెలుసుకుని, నెమ్మదిగా బయటికి జారుకున్నాడు.

మధులిక. ఏడేళ్ల కింద ఆ పేరుగల అమ్మాయి తమ ఊళ్లో కరెంటు లైన్‌మన్‌గా పనిచేసే జోయల్‌ను చేసుకుంటానంది. చర్చిలో పెళ్లి చేసుకుంది. తండ్రి తల పట్టుకుని కూర్చున్నాడు, అంతే. తలుపు మూసింది తల్లి. "ఇయ్యాల్టి సంది ఈ ఇంట్ల ఆ పేరు ఎవ్వరు తియ్యద్దు. తీస్తే నా మీద ఒట్టు," అంది. శ్యాంసుందర్ రావు ఆ ఒట్టు తప్పలేదు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా కూతురి పేరు తీయలేదు. కిటికీ అన్నాడు, నీళ్లన్నాడు, ఇసుకన్నాడు. గోదావరి ఒడ్డున తన కూతురి ఇల్లు ఎలా ఉంటుందో భార్యకు మొత్తం చెప్పేశాడు, పేరొక్కటి తప్ప.

"గరిజెలు తిన్న పిల్ల..." అని తారాబాయి మొదలుపెట్టి, పూర్తి చేయలేకపోయింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నాకు మనుమరాలున్నదా బిడ్డా? నా చేతి గరిజెలు తిన్నదా? నిన్ను తోల్కపోత అంటే ఆడికా?"

ఆరాధన పక్కన కూర్చుని భుజం పట్టుకుంది. ఏడుపు ఆమెకూ వచ్చింది, దాచుకోలేదు.

తారాబాయి కొంగుతో ముఖం తుడుచుకుని అంది. "పొద్దుగాల చెన్నూరుల అందరు దిగిన్రు. చాయ్ తాగిన్రు. నేను దిగలే. మోకాళ్లని నీతోటి చెప్పిన గాని, మోకాళ్లు గాదు. ఆ ఊరి మన్ను తొక్కద్దని దిగలే. పరద గుంజుకొని కూసున్న."

ఇంక దాచి లాభం లేదనిపించింది ఆరాధనకు.

"అమ్మా, మీరు పరద గుంజుకొని కూసున్నప్పుడే ఒకామె బస్సు డోరు కాడికి వచ్చింది. ముప్పై ఏండ్లుంటయి. మీ బస్సు కార్తీకం సంది రాలే, ప్రతి ఆదివారం వచ్చి చూసి పోతున్న అన్నది. శ్యాంసుందర్ రావు అనేటాయన లిస్టుల ఉన్నడా, జర చూడుండ్రి అన్నది. నేను చూసి, లేడన్న. ఎప్పుడు ఆయనే ఫోను చేస్తడు మేడం, ఆ ఇంటికి నేను చేయద్దు, ఇప్పుడేమో ఆయన ఫోను బందున్నది, గందుకే పరేషానైతున్న అన్నది. ఎప్పుడన్న ఈ బస్సెక్కితే ఒక్క ఫోను కొట్టుమని నంబరిచ్చి పోయింది."

తారాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆమెకు తెల్వదు," అంది.

"ఏం తెల్వదమ్మా?"

"బాపు పోయిండని తెల్వదు. మా అమిత్ అడిగిండు, ఇంట్లకెళ్లి ఆయన కట్టె లేవకముందే, చెల్లెకు కబురు చేద్దామా అని. నేను వద్దన్న. నాకు ఒట్టు పెద్దగైంది. ఆయన ఫోను నేనే బందు చేసి బీరువల పెట్టిన. ఎవరెవరు చేస్తున్నరో గూడ చూడలే." ఆమె తన చేతులనే తను చూసుకుంటోంది. "ఆఖరిసారి మొఖం చూడనియ్యలే బిడ్డా, నేను. నా కడుపున పుట్టినదాన్ని. మూడు నెలల సంది అది బస్సుల పొంట తిరుగుతున్నది. నేను నాలుగు అడుగుల దూరంల కూసున్న, పరద గుంజుకొని!"

ఆరాధనకు ఆమె మీద కోపం వచ్చింది. జాలీ వచ్చింది. రెండిట్లో ఏది ముందొచ్చిందో అడిగితే చెప్పలేదు. పెళ్లి బ్యాండు ఒక్కసారిగా మొదలైంది. కింద నుంచి చొక్కారావు, "మేడం! ఇంకెంతసేపు? దొరికిందా కిటికీ?" అని అరుస్తున్నాడు.

"ఆ నంబరు కొట్టు," అంది తారాబాయి.

"నేను చెప్పాల్నా అమ్మా? నేనైతే మెల్లగ..."

"నువ్వు చెప్తే ఎట్ల? చెప్పనియ్యంది నేను. నేనే చెప్పాలె. కొట్టు."

ఆరాధన కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి, నంబరు నొక్కి ఫోను ఆమె చేతికిచ్చింది. మొదటి రింగు పూర్తి కాకముందే అవతల ఎత్తారు.

"మేడం! మా బాపు బస్సెక్కిండా?" ఆ గొంతులో అంత సంతోషం.

తారాబాయి ఫోను రెండు చేతులతో పట్టుకుంది.  "మధూ," అంది.

అవతల నవ్వు ఆగిపోయింది. ఏడేళ్లుగా వినని తల్లి గొంతును గుర్తుపట్టడానికి ఆ అమ్మాయికి ఒక్క క్షణమే పట్టింది.

"అవ్వా? నువ్వెందుకు చేసినవే?" అంది మధులిక. "బాపేడి?"